ఉత్త ట్రాయ్‌కి ఒక టికెట్

మా అక్క చివరగా చేసిన మామూలు పని, పార్సిల్ తెచ్చిన మనిషికి తప్పు దారి చెప్పడం.

అతను గేటు ముందు సైకిల్ ఆపి, దర్జీ ఇల్లెక్కడని అడిగాడు. దర్జీది మా ఎదురిల్లే. అతని వీపు వెనకే తలుపు బార్లా తీసి ఉంది, కుట్టుమిషను చప్పుడు కూడా వినపడుతోంది. అక్క అతని మొహంలోకి ఒకసారి చూసి, చెయ్యి చాచి, "తిన్నగా వెళ్ళి, నీళ్ళ ట్యాంకు దాటాక ఎడమకి తిరుగు నాయనా" అంది. అతను చేసిన నేరమల్లా గేటు తట్టకుండా సైకిల్ బెల్లు కొట్టడం. లోపలికొచ్చి చేతులు కడుక్కుని కుర్చీలో కూర్చుంటూ, "ఎండలో ఓ చుట్టు తిరిగొస్తే బెల్లు సంగతి మరిచిపోతాడులే" అంది నాతో. నేను వంటింట్లోంచి ఏదో అన్నాను. జవాబు రాలేదు. ఎదుటివాళ్ళ మాటకు బదులివ్వకుండా ఆమె ఎన్నడూ ఊరుకోలేదు కాబట్టి బయటికి వచ్చి చూశాను.

పార్సిల్ మనిషి చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చి గేటు దగ్గర తిట్లు లంకించుకునేసరికి నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాను. డాక్టరును పిలుచుకొచ్చింది అతనే.

అంత్యక్రియలకు వచ్చినవాళ్ళు ఆమె గురించి ఒక మంచి మాట కోసం వెతుక్కున్నారు. పాపం, చాలాసేపే వెతికారు. చివరికి "ముక్కుసూటి మనిషి" అనేశారు. ఎంత దూరం ఆ మాట! ఆమె ఎవరినీ సూటిగా పంపిన మనిషి కాదు.

దూరపు బస్సుల స్టాండులో టికెట్ కిటికీ వెనక ఆమె వయసంతా గడిచింది. కిటికీ అంటే గాజు పలకలో అరచెయ్యి పట్టేంత కంత. ఆమె వెనక గోడకు చెక్క గూళ్ళు, ఊరికో గూడు, గూట్లో అట్ట టికెట్ల కట్టలు. ఎవరైనా ఊరి పేరు చెప్పడం ఆలస్యం, తల తిప్పకుండానే చెయ్యి వెనక్కి పోనిచ్చి టికెట్ లాగి, తేదీ మిషన్లో టక్కున కొట్టి కంతలోంచి తోసేది. తోటి గుమాస్తాలు ఆమెను కత్తెర అనేవారు. మొదట్లో ఆ చేతి వేగానికి పెట్టిన పేరు. తరవాత నోటికి కూడా సరిపోయింది.

మా వైపు ట్రాయ్ పేరుతో చాలా ఊళ్ళున్నాయి. రోడ్లు వేసే రోజుల్లో ఊళ్ళకు పేర్లు పెట్టే పని ఎవరో అధికారికి అప్పగించారని, ఆయన జన్మలో చదివింది ఒకే ఒక్క పుస్తకమని బస్‌స్టాండులో నవ్వుకునేవారు. మొదట గని తవ్విన చోటికి ట్రాయ్ అని పెట్టాడు. ఆ గని ఎండిపోతే జనం మూటాముల్లే సర్దుకుని కొండ మీదికి పోయి, పేరు కూడా వెంట పట్టుకుపోయారు. రేవు కట్టినప్పుడు ఓడ దిగేవాళ్ళకు గొప్పగా వినపడాలని దానికీ అదే తగిలించారు. బట్టల మిల్లు పెట్టినాయన తన ఊరికి మాత్రం తక్కువేమిటనుకున్నాడు. అలా కొండ ట్రాయ్, రేవు ట్రాయ్, మిల్లు ట్రాయ్, కొత్త ట్రాయ్. మొదటిదానికి ముందు తగిలించడానికి ఏమీ మిగల్లేదు. కాగితాల మీద అది ట్రాయ్, అంతే. గుమాస్తాలు ఉత్త ట్రాయ్ అనేవారు. అక్కడ మిగిలింది ఒక బస్సు షెడ్డు, ఒక టీ కొట్టు, పేరు రాసిన రేకు బోర్డు. రోజూ ఒకే బస్సు పొద్దుగూకేవేళకు అక్కడికి చేరి, రాత్రి అక్కడే ఆగి, మర్నాడు తిరిగొచ్చేది.

నేనప్పుడు అద్దె పుస్తకాల కొట్లో పనిచేసేదాన్ని. అక్కడ చదివింది ఒకసారి భోజనాల దగ్గర ఉత్సాహంగా చెప్పబోయాను.

"అక్కా, అసలు ట్రాయ్ ఎక్కడుందో వందల ఏళ్ళు ఎవరికీ తెలీదట. ఉత్త కథేమో అనుకున్నారట. తరవాత ఒక దిబ్బ తవ్వితే ట్రాయ్ మీద ట్రాయ్, తొమ్మిది పొరలు బయటపడ్డాయట."

"దానికి బస్సుందా?"

"లేదు."

"అయితే నా ప్రాణం తియ్యకు. ఉన్న ట్రాయ్‌లతోనే చస్తున్నా." ఒక ముద్ద తిన్నాక మళ్ళీ అడిగింది. "ఆ తొమ్మిదిట్లో అసలుదేదిట?"

"ఒక్కొక్కళ్ళు ఒక్కోటి చెప్తారట."

"మా కౌంటరుకి పంపు. తేల్చేస్తాం."

ఆ కౌంటరులో తేల్చే పద్ధతి ఒకటుంది. వచ్చినవాడు ట్రాయ్ అంటే "ఏ ట్రాయ్?" అని అడగడం మర్యాద. కానీ నిబంధనల్లో ఆ మాట లేదు. అడిగిన ఊరికి టికెట్ ఇవ్వాలని మాత్రమే ఉంది. కాబట్టి డబ్బులు విసిరినవాణ్ని, చిటిక వేసి పిలిచినవాణ్ని, "ఏయ్" అన్నవాణ్ని ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. నోరు మూసుకుని ఉత్త ట్రాయ్ టికెట్ కొట్టి ఇచ్చేవారు. దీన్ని తీర్థయాత్రకు పంపడం అనేవారు. ఆ మనిషి మర్నాడు దుమ్ము కొట్టుకుపోయి తిరిగొచ్చి గగ్గోలు పెడితే, "మీరు ట్రాయ్ అన్నారు, టికెట్ మీద ట్రాయ్ అనే ఉంది, చదువుకోండి" అనేవారు. పైఅధికారి కూడా చదివి చూసి, అవునవును అలాగే ఉంది అనేవాడు.

అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకర్ని పంపినవాళ్ళే. అక్క పంపడంలో మాత్రం ఒక పనితనం ఉండేది. చిరునవ్వు నవ్వి, చిల్లర విడిగా లెక్కపెట్టి ఇచ్చి, కిటికీ పక్క సీటు దొరుకుతుందేమో చూసుకోండి అని కూడా చెప్పి పంపేది. ఒక కుర్రవాడు ఉద్యోగం పరీక్షకు పోతూ "తొందరగా కానివ్వమ్మా, మాటలు తరవాత" అన్నాడట. తిరిగొచ్చి ఏడ్చాడట.

"చేతులు జోడించాడే నాకు" అంది అక్క, ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ. "ఆ చేతులేవో ముందే జోడించి ఉంటే సరిపోయేదిగా!"

నవ్వింది. ఆమె నవ్వు చాలా బాగుండేది. అందుకే ఆమెను అసహ్యించుకోవడం కుదిరేది కాదు.

మా ఇంట్లో అప్పటికి ముగ్గురం. అమ్మానాన్నలు పోయాక నన్ను అక్క తెచ్చుకుంది. మా బావ జబ్బు చేసి పోయాడు. ముందు గదిలో ఆయన తండ్రి ఉండేవాడు. గడియారాలు బాగుచేసే మనిషి. కంటికి భూతద్దం బిగించుకుని ఏళ్ళ తరబడి పళ్ళ చక్రాల్లోకి చూసి చూసి, చివరికి రెండు కళ్ళూ పోగొట్టుకున్నాడు. వీధంతా గడియారం మామయ్య అని పిలిచేది. బాగుచేయించుకుని మళ్ళీ తీసుకుపోవడానికి రాని జనం గడియారాలు ఆ గది గోడల నిండా వేలాడేవి. వారానికొకసారి తడుముకుంటూ అన్నిటికీ కీ ఇచ్చేవాడు. చూపు లేని ఆయనకు ఆ టిక్కుటిక్కులే గోడలు, తలుపులు. కుర్చీ ఎటుందో, వాకిలి ఎటుందో వాటి చప్పుడును బట్టి తెలుసుకుని తిరిగేవాడు.

నోరు మాత్రం అక్కతో సమానం. "వంట పావుగంట ఆలస్యం" అని రోజూ అనేవాడు, ఆలస్యమైనా కాకపోయినా. వచ్చినవాళ్ళకు అక్కను చూపించి, "మావాడు కీ ఇచ్చి వదిలేసి పోయాడు, అప్పట్నించీ ఇది మోగుతూనే ఉంది" అనేవాడు.

"మీరు బాగుచేసిన సరుకేగా ఆయన. అందుకే తొందరగా ఆగిపోయాడు" అనేది అక్క.

ఇలాంటి మాటలకు ఇద్దరూ కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళు కాదు. అన్నం వడ్డించుకుని తినేవాళ్ళు.

ఆయనకొక కూతురు, మిల్లు ట్రాయ్‌లో. అల్లుడు ఆ మిల్లులోనే పని. మామయ్యకు ప్రాణమంతా ఆ ఊళ్ళోనే ఉండేది. నెలకోసారి వీధి చివర కొట్టుకు ఫోను చేసేది ఆవిడ. ఫోను వస్తుందన్న రోజున ఆయన పొద్దుటే గడ్డం గీయించుకుని ఆ కొట్టు బల్ల మీద కూర్చునేవాడు. "వచ్చే నెల తీసుకుపోతా నాన్నా, పైగదికి సున్నం వేయిస్తున్నాం" అనేదట ఆవిడ. ఏళ్ళ తరబడి వేస్తున్నారు ఆ సున్నం. అయినా ఆయన దాన్ని పట్టుకునే వేలాడాడు. కూతురి గుమ్మంలో కాలు పెట్టి, మిల్లు కూత వింటూ ఆ పైగదిలో పడుకోవాలి. అంతకుమించి ఈ లోకంలో ఆయన కోరుకున్నదేమీ లేదు.

ఒకసారి ఫోనులో కొట్టంతా వినేలా, "ఇక్కడ నన్ను కుక్కకంటే హీనంగా చూస్తున్నారమ్మా" అన్నాడు. ఆ మాట ఆయనకంటే ముందే మా ఇంటికి చేరింది.

మర్నాటి నుంచి, నేను పుస్తకాల కొట్టుకు పోయాక, అక్క గోడ గడియారాల లోలకాలను రోజుకు కొన్ని చొప్పున ఆపడం మొదలుపెట్టింది.

గది కొద్దికొద్దిగా నిశ్శబ్దమైపోయింది. ఆయన తన చెవుల దగ్గర చప్పట్లు కొట్టుకుని చూసుకోవడం, గుమ్మం అనుకుని బీరువాకు కొట్టుకోవడం చూసి, ముసలితనం ముదిరింది కాబోలనుకున్నాను. ఒకరోజు వీధిలో దర్జీని పిలిచి, "నా చెవిలో గట్టిగా అరువు" అన్నాడట. కళ్ళు పోయినప్పుడు కూడా ఆయన అంత భయపడలేదని దర్జీ చెప్పాడు. కీ ఇచ్చే రోజు వచ్చింది. మొదటి గడియారానికి కీ తిప్పబోతే తిరగలేదు. స్ప్రింగు నిండుగా ఉంది. లోలకం పట్టుకుని చూస్తే చలనం లేదు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. తన పని తెలిసినవాడు కాబట్టి ఎవరూ చెప్పకుండానే ఆయనకు అర్థమైంది.

అక్క డ్యూటీకి వెళ్ళాక ఒక సంచిలో బట్టలు కుక్కుకుని, దర్జీ చెయ్యి పట్టుకుని బస్‌స్టాండుకు పోయాడు. ఆ తరవాత జరిగింది పక్క కిటికీ గుమాస్తా నాకు చెప్పాడు. ఒకసారి కాదు, కనపడినప్పుడల్లా చెప్పేవాడు.

మిగతా కిటికీలు ఖాళీగా ఉన్నా మామయ్య కర్రతో జనాన్ని పక్కకు నెడుతూ, "కత్తెరది ఏ కిటికీ?" అని అడిగి మరీ ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడట.

"ఒక ట్రాయ్!"

అక్క తలెత్తింది. "ఎక్కడికి మామయ్యా ఈ ప్రయాణం?"

"మామయ్య ఇంట్లో ఉన్నాడు. ఇక్కడున్నది ప్రయాణికుడు. కూతురి దగ్గరికి పోతున్నా. టికెట్ ఇవ్వు." తరవాత వరసలో ఉన్నవాళ్ళ వైపు తిరిగాడు. "వినండయ్యా! ఈవిడ నా కోడలు. కళ్ళు లేనివాడికి చెవులు కూడా లేకుండా చేద్దామని గడియారాలాపింది. నా కొడుకుని ఎలా ఆపిందో మరి, అది చూసినవాడు లేడు!"

"తాతా, మా ఇంట్లోనూ ఒకటుంది, ఎంతకీ ఆగదు. ఎలా ఆపాలో మీ కోడల్ని అడిగి చెప్పవా?" అన్నాడెవడో వెనకనుంచి. వరసంతా గొల్లుమంది.

అక్క మొహంలో నెత్తురు చుక్క లేదట. పక్క కిటికీ ఆయన మెల్లగా, "కత్తెరా, అడుగు. ఆయన్ని అడుగు" అన్నాడు.

ఆమె అడగలేదు. చెయ్యి వెనక్కి వెళ్ళింది. మిల్లు ట్రాయ్ గూడు ఆమె భుజం పక్కనే ఉంటుంది. ఉత్త ట్రాయ్‌ది అన్నిటికంటే పైన. అందుకోవడానికి ఆమె లేచి నిలబడాల్సి వచ్చింది. లేచి నిలబడింది. తీసింది. కొట్టింది.

"ఇదిగోండి. జాగ్రత్తగా ఎక్కండి, మెట్టు ఎత్తుగా ఉంటుంది."

ఆయన టికెట్ అంచు బొటనవేలితో తడిమి జేబులో పెట్టుకున్నాడు. "ఇంక నీ గొంతు వినే ఖర్మ తప్పింది."

"నాకూ అదే సంతోషం మామయ్యా."

వేళాకోళాలు అలవాటైన ఆ కౌంటరులో ఆ రోజు ఎవరూ నవ్వలేదట. బస్సు వెళ్ళేవరకూ ఒక్కరు కూడా లేచి వెళ్ళి ఆపలేదు.

అక్క ఇంటికొచ్చి ఇద్దరికి సరిపడా వంట చేసింది. "మీ గడియారం మామయ్య తీర్థయాత్రకి వెళ్ళాడు" అంది. నేను కంచం పక్కకు నెట్టాను.

"కళ్ళు లేని మనిషే!"

"నోరుందిగా. షెడ్డులో ఒక రాత్రి కూర్చుంటే ఆ నోరు కాస్త అరుగుతుంది. రేపు మధ్యాహ్నానికి దిగుతాడు. దిగేటప్పుడు ఆ మొహం చూడాలి నేను."

మర్నాడు మధ్యాహ్నం కిటికీ మూసి, బస్సు ఆగే చోటికి వెళ్ళి నిలబడింది. నేనూ వెళ్ళాను. బస్సులోంచి ఒక కోళ్ళ గంపవాడు దిగాడు. ఇంకెవరూ దిగలేదు.

"ముసలాయన ఏడి?" అంది అక్క.

డ్రైవరు కిందికి దిగి, ఆమె మొహం చూడకుండా టోపీ తీసి దులుపుకున్నాడు. "రమ్మంటే రాలేదు. మిల్లు కూత వినపడలేదేమిటి బాబూ అని రాత్రి అడిగాడు. ఇది మిల్లు ట్రాయ్ కాదు పెద్దాయనా, మీకు టికెట్ తప్పు ఇచ్చారు అన్నా. మీదికి కర్రెత్తాడు. మా కోడలు మనిషి ఎలాంటిదైనా టికెట్ తప్పు కొట్టదు, బస్‌స్టాండంతటికీ దాన్ని మించిన చెయ్యి లేదు, మిల్లుకి సెలవేమో, మా అమ్మాయికి కబురందగానే వస్తుంది, నువ్వు ఫో అన్నాడు."

అక్క ఖాళీ బస్సులోకి ఒకసారి తొంగిచూసి, "తిన్నాడా?" అని అడిగింది.

"టీ కొట్టావిడ ఏదో పెట్టింది."

వారపు సెలవు రోజున ఇద్దరం ఉత్త ట్రాయ్‌కి వెళ్ళాం. షెడ్డు బల్ల మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసింది. మేం ఇంకా దూరంగా ఉండగానే, "ఆ చెప్పుల చప్పుడు నాకు తెలుసు" అన్నాడు. "పావుగంట ఆలస్యపు చెప్పులు."

"ఇంటికి పదండి. అలిగింది చాలు" అంది అక్క.

"మొదటి రోజు మిల్లుకి సెలవనుకున్నా. రెండో రోజు సమ్మె అనుకున్నా. ఆ తరవాత ఈ కొట్టావిడ చెప్పింది, తాతా ఇక్కడ మిల్లే లేదు అని. నిన్ను వెనకేసుకొచ్చి ఆ డ్రైవరు మీద కర్రెత్తానే, నాకంటే వెధవ ఎవడైనా ఉన్నాడా?" ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. "ఏ ట్రాయ్ మామయ్యా అని ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది?"

"మీరు చెబితే మీ సొమ్మేం పోయింది?"

"సరే. ఇప్పుడు అడుగు. నేను చెప్తా. నీ చేత్తో సరైన టికెట్ కొట్టి, నన్ను తీసుకెళ్ళి మా అమ్మాయి గుమ్మంలో దింపు. అన్నీ మర్చిపోతా. అడుగు."

టీ కొట్టావిడ చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చి నిలబడింది. డ్రైవరు ఇంజను ఆపాడు. అందరం అక్క నోటికేసి చూస్తున్నాం. రెండు మాటలు. రోజంతా, రోజూ, ఊరూపేరూ తెలియనివాళ్ళను అడిగే రెండు మాటలు.

"చీకటి పడుతోంది. లోపలికి వస్తారా, ఈ చలిలోనే ఉంటారా?" అంది అక్క.

"చూశావా కొట్టమ్మా" అన్నాడాయన, ఎంతో తృప్తిగా. "అడగదు. నే చెప్పలా?"

మర్నాడు బస్సులో తిరిగొస్తూ నేను బతిమాలాను. అనేస్తే పోయేదానికి ఎందుకే ఇంత అన్నాను. "నలుగురిలో నన్ను హంతకురాలన్నవాణ్ని నలుగురిలో బతిమాలుకోమంటావా?" అంది. పోనీ ఆడపడుచుకు కబురు పెట్టమన్నాను. "పెట్టి? మీ నాన్నని దిక్కులేని చోట దింపాను, వచ్చి ఏరుకో తల్లీ అని చెప్పనా?" అంది. ఆయనా అంతే. కోడలు అడిగేదాకా కూతురికి కబురు పెట్టొద్దని కొట్టావిడ చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ మధ్యలో మా వీధి చివరి కొట్టుకు ఆడపడుచు ఫోను వచ్చింది. అక్కే వెళ్ళి ఎత్తి, నాన్న నిద్రపోతున్నాడు అంది. "పోనీలే వదినా, లేపకు" అని ఆవిడ వెంటనే పెట్టేసింది.

ఆయన టీ కొట్టు వెనక గదిలో ఉండిపోయాడు. అక్క ప్రతి సెలవుకీ వెళ్ళింది. దుప్పటి, మందులు, మెత్తటి చెప్పులు పట్టుకెళ్ళి కొట్టావిడకు ఇచ్చేది. ఆయన ఆమెతో మాట్లాడేవాడు కాదు. కర్ర నేలకు తాటించి, "అడిగిందా?" అని కొట్టావిడను అడిగేవాడు. లేదు తాతా అనేది ఆవిడ. "అయితే నీ గిన్నెలేవో నువ్వు తోముకో" అనేవాడు. ప్రతిసారీ ఇంతే. అక్క తిరిగొచ్చి, ముందు గదిలోకి వెళ్ళి, గడియారాల కేసి కాసేపు చూసేది. వాటిలో దేన్నీ మళ్ళీ నడిపించలేదు.

ఆ ఏడు చలి ముందే వచ్చింది. ఆయనకు దగ్గు పట్టుకుంది, ఊపిరికి ఎగపోత. కొట్టావిడ డ్రైవరు చేత కబురు పంపింది. అక్క వరసలో జనం ఉండగానే కిటికీ వదిలేసి లేచి వెళ్ళింది. ఆమె సర్వీసులో అలా జరగడం అదొక్కసారే. బస్సు చేరేసరికి అంతా అయిపోయింది.

అక్కడ జరిగిందేమిటో అక్క నాకెప్పుడూ చెప్పలేదు. కొట్టావిడ చెప్పింది. "మంచం మీద కూచుంది. ఆయన నుదుటి మీద చెయ్యి వేసి, ఏ ట్రాయ్ మామయ్యా అని అడిగిందమ్మా. పైకే అడిగింది. నాకు ఒళ్ళు మండింది. వినేవాడు లేనప్పుడు అడగడం ఎవరికైనా వస్తుంది అన్నా. మీ అక్క నా మొహంలోకి చూసింది. ఆ చూపుకి నేను గదిలోంచి బయటికొచ్చేశా."

మిల్లు ట్రాయ్ పోయే డ్రైవరుతో కూతురికి కబురు పంపాం. అది అందడానికి ఆలస్యమైంది. ఆవిడ వచ్చేసరికి మట్టి కూడా ఆరింది. వస్తూనే షెడ్డు ముందు కూలబడి గుండెలు బాదుకుంది.

"పైగది కడిగించి, మెత్తటి పరుపు వేయించి, తలుపు తీసుకుని కూచున్నానే నాన్న కోసం! ఒక్క బస్సు దూరం! నా గుమ్మంలోకి రావలసినవాణ్ని ఈ కుక్కలు తిరిగే షెడ్డులో చంపావు కదే వదినా! నువ్వు మనిషివా?"

అక్క తల వంచుకుని నిలబడింది. నోటికి నోరు అప్పజెప్పగల మనిషి ఒక్క ముక్క తిరిగి అనలేదు. ఆడపడుచు ఆమె భుజం పట్టుకుని ఊపింది, చెంప మీద కొట్టింది. అయినా అనలేదు. చూడలేక నేను అడ్డం వెళ్ళబోతే, "నువ్వుండు. దాని మాటలో తప్పేముంది?" అంది.

ఆ తరవాత అక్క మారిపోయిందని రాయాలని నాకూ ఉంది. మారలేదు. ఇంకా పదునెక్కింది. అయితే ట్రాయ్ టికెట్ మాత్రం మళ్ళీ అమ్మలేదు. ఎంత మర్యాదగా అడిగినా, ఏ ట్రాయో విడమరిచి చెప్పినా, "పక్క కిటికీ" అనేది. జనం గొణిగేవారు. ఫిర్యాదులు వెళ్ళాయి. పైఅధికారి పిలిచి కారణం అడిగితే, "పై గూడు నాకు అందదు" అందట. చివరికి ఆమెను కిటికీ నుంచి తీసేసి పోయిన సామాన్ల గదిలో వేశారు. అక్కడ కూడా, సంచి పోగొట్టుకుని కళ్ళనీళ్ళతో వచ్చినవాళ్ళను, "నీలం రంగా? ఎలాంటి నీలం?" అంటూ గంటసేపు నిలబెట్టేదట. ఆ సంచేమో ఆమె కాళ్ళ దగ్గరే ఉండేది.

ఇంట్లో మాత్రం, ఏ సంబంధం లేకుండా, కూర తరుగుతూనో తల దువ్వుకుంటూనో, "పరుపు వేయించి ఉంచిందట" అనేది. ఒక్కోసారి "తలుపు తీసే ఉందట" అనేది. మొదట్లో నేను ఏదో సర్దిచెప్పేదాన్ని. తరవాత మానేశాను. చివరి రోజుల్లో పరుపు మీద పడుకోవడం మానేసి చాప వేసుకుంది. నడుం నొప్పికి చాపే మంచిదంది. డాక్టరు కాదన్నా వినలేదు.

అక్క పోయిన కబురు ఆడపడుచుకు మళ్ళీ బస్సువాళ్ళ ద్వారానే పంపాను. ఈసారీ ఆలస్యంగానే వచ్చింది. ఒళ్ళొచ్చింది, మోకాళ్ళు పట్టేశాయి. ముందు గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చాను. పాత పగలేమీ ఆవిడ మొహంలో లేవు. అసలు అవన్నీ ఆవిడకు గుర్తున్నాయో లేదో కూడా తెలియలేదు. మాట కలపడానికి, మిల్లు ట్రాయ్ నుంచి రోడ్డు బాగుందా అని అడిగాను.

"మిల్లు ట్రాయా? మేమక్కడ లేం కదమ్మా! ఆయనకి రేవులో పని దొరికాక రేవు ట్రాయ్‌కి మారిపోయాం. ఆ మిల్లు ఇల్లు వేరేవాళ్ళకి ఇచ్చేశాం."

"ఎప్పుడు?"

"అబ్బో, చాలా కాలమైంది. నాన్న పోవడానికి ముందు ఏడే మారాం."

"మామయ్యకు తెలుసా?"

ఆవిడ టీ ఊదుకుంది.

"చెప్పలేదు. చెబితే అక్కడికి వచ్చేసేవాడు."